ఏటవాలు కప్పు కింద

కంప్యూటర్లో గీసిన గీత అబద్ధమాడగలదా? ఈ ప్రశ్న నాకు పుస్తకాలు చదివి పుట్టలేదు. దుబాయిలో ఒక గిడ్డంగిలో, మెడ పైకెత్తి నిలబడ్డప్పుడు పుట్టింది.

నా పని గురించి కాస్త చెప్పాలి. కట్టబోయే భవనాన్ని ముందుగా రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో కడతాం. అందులో కరెంటు కేబుళ్ళను మోసే ట్రేలు నా వంతు. ట్రే కింద ఒక అడ్డకమ్మీ, దాని రెండు కొసలనూ పట్టుకుని కప్పు నుంచి వేలాడే మరలున్న రాడ్లు. మన ఇళ్ళలో దూలానికి వేలాడే ఉయ్యాలబల్లను తలుచుకోండి, అంతే. కప్పు చదునుగా ఉంటే ఒక్క ఉయ్యాల చేసి వందచోట్ల పెట్టేయొచ్చు. తంటా అంతా కప్పు ఏటవాలుగా ఉన్నప్పుడే. పదికి ఒకటి వాలు అనుకోండి. ట్రే వాలు వెంట సాగితే, మీటరున్నరకొకటిగా పెట్టే ఉయ్యాలల్లో ఒకదానికీ మరోదానికీ రాడ్డు 150 మిల్లీమీటర్లు మారుతుంది. వాలుకు అడ్డంగా సాగితే, 700 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న జంట రాడ్ల మధ్యే 70 మిల్లీమీటర్ల తేడా. పోనీ అని ఉయ్యాలను కప్పు ముఖానికే అంటిస్తే, అది ఆ వాలుకు లంబంగా, గాలికి ఊగినట్టు పక్కకు ఒరిగి నిలబడుతుంది. తాపీమేస్త్రీ దారానికి కట్టిన గుండుకు తెలిసిన సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

దారి లేకపోలేదు. రెండు రాడ్లకూ వేర్వేరు పొడవులు ఇచ్చి, నిట్టనిలువుగా కప్పు తగిలేదాకా కొలిచే చిన్న ప్రోగ్రాం రాసుకోవచ్చు. రెండు రోజుల పని. మాకున్నది ఒక్కరోజు.

"అన్నీ ఒకే పొడవు పెట్టెయ్. చూపుకే కదా, సైటులో వాళ్ళు సర్దుకుంటారు," అన్నాడు మా పైవాడు. పెట్టేశాను. కొన్ని రాడ్లు రేకులోంచి పైకి పొడుచుకొచ్చాయి, కొన్ని గాలిలో ఆగిపోయాయి. ఏదేది ఢీకొంటోందో చూసే తనిఖీలోంచి సపోర్టులను తప్పించాం. రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చింది.

ఇది అబద్ధమేనా? చాలాకాలం కాదనే వాదించుకున్నాను. నమూనా నమూనాయే, దాన్ని ఎవరూ అక్షరాలా నమ్మరు అని. కానీ సపోర్టులు అసలు గీయకుండా వదిలేసి ఉంటే, "నాకు తెలియదు, మీరే కొలుచుకోండి" అని చెప్పినట్టుండేది. మిల్లీమీటరుతో సహా పొడవు రాసి, తెలిసినట్టు చెప్పాను. ఆ పట్టిక ప్రకారమే రాడ్లన్నీ ఒకే కొలతకు కోసి పైకి పంపారు. "సర్దుకుంటారు" అన్న మాటను మేం రోజూ వాడతాం. ఆ క్రియకు కర్త ఎవరో ఎప్పుడూ అడగం.

కర్తను ఆగస్టులో చూశాను. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. అయితే రేకు కప్పు కింద పని ఎండలో పని కిందికి రాదు, నీడలో పనే! లిఫ్టు మీద ఒకతను రాడ్లు కోస్తున్నాడు. కోసిన కొసను ఆకురాయితో రుద్దితే తప్ప నట్టు ఎక్కదు. పొట్టివాటికి కప్లింగు నట్టు వేసి మరో ముక్క అతుకుతున్నాడు. కిందికి దిగాక మాట కలిపితే తెలుగువాడే, జగిత్యాల దగ్గర పల్లె.

"ఇవి గీసినోడు ఈ రేకుల కింద ఒక్కపారి నిలవడితే తెలుస్తుండె సారూ," అన్నాడు నవ్వుతూనే. కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేనే అని చెప్పలేదు. ఊరి సంగతులు అడిగాను. వానలు పడ్డాయా అని కూడా అడిగాను.

"మీరేం పని జేస్తరు సారూ?"

"కంప్యూటర్ పని."

"నీడపట్టు పని. మంచిగుంటది," అని, బాటిల్లో మిగిలిన నీళ్ళు నా వైపు చాపాడు.