ఎవరి వంతు ఆగింది?

"మావాడు గేములాడుకునే కంప్యూటరు కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడండీ. లక్ష దాకా అవుతుందట. కొనమంటారా, వద్దంటారా?" అని ఈమధ్య ఒక మిత్రుడు నన్ను అడిగారు. ఇద్దరం ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. పిల్లవాడి చదువు పాడవుతుందని నేనొక ఉపన్యాసం ఇస్తానని ఆయన ఆశించినట్లున్నారు. నేను ఇవ్వలేకపోయాను. ఆ విషయంలో ఉపన్యాసమిచ్చే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా, ఆట తప్పు కాదు. గోలీలు, కోతికొమ్మచ్చి, చెడుగుడు ఆడి పెరిగిన తరం మనది. చీకటిపడ్డాక ఇంటికొచ్చి తన్నులు తిన్న రోజులు మరచిపోయి, పిల్లలు ఆట పేరెత్తగానే ముఖం చిట్లించడం న్యాయం కాదు. ఒంటికి నిద్ర ఎలాగో మనసుకు ఆట అలాంటి విశ్రాంతి అని 13వ శతాబ్దంలోనే పునీత అక్వినాసు తోమాసు వారు వివరించారు. మితిమీరిన ఆటను ఆయన తప్పన్నారు. తాను నవ్వక, ఎదుటివారిని నవ్వనివ్వక బిగుసుకుపోవడాన్నీ తప్పే అన్నారు. పోనీ, డబ్బు దండగ కాబట్టి తప్పందామా? పెళ్ళి పందిళ్ళకూ నగలకూ లక్షలు పోసే మనం పిల్లవాడి సరదా దగ్గర మాత్రమే పద్దుపుస్తకం తెరిస్తే వాడు లోలోపల నవ్వుకుంటాడు. మరి తప్పెక్కడుంది? అసలు ఉందా?

మా ఇంటి సంగతి చెబుతాను. 2020లో బళ్ళు మూతపడి పాఠాలు తెరమీదికి వచ్చినప్పుడు మావాడు తొమ్మిదో తరగతి. సెల్‌ఫోనులో పాఠాలు వింటే కళ్ళు పాడవుతాయని 42,000 రూపాయలతో ఒక కంప్యూటరు కూర్పించాం. అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పాఠాలకూ, చిన్నాచితకా ఆటలకూ ప్రాసెసరులో ఇమిడి ఉన్న గ్రాఫిక్సే సరిపోయేది. ఏడాది తిరిగేసరికి మావాడి స్నేహితులంతా పెద్ద ఆటల్లోకి వెళ్ళారు. ఆటలోని దృశ్యాన్ని సెకనుకు పదులసార్లు గీసి తెరకు అందించే ఆ కార్డు లేకపోతే వాటిని ఆడలేం. "పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకో, కొంటాను" అని మాటిచ్చాను.

అప్పట్లో ఆ కార్డులు దొరకడమే గగనం. ఒకవైపు కరోనా నాటి చిప్పుల కొరత. మరోవైపు ఇథీరియం అనే డిజిటల్ నాణేన్ని కంప్యూటర్లతో లెక్కలు కట్టించి సంపాదించేవారు కార్డులను పదులకొద్దీ కొనేస్తున్నారు. దుకాణాల్లో ధరలు రెట్టింపు దాకా పలికాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం ఆ పద్ధతినే మానుకుంది. అప్పటికే దిగుతున్న ధరలు ఇంకొంచెం దిగాయి. ఆ డిసెంబరులో తండ్రీకొడుకులం గుంటూరులో రైలెక్కి సికింద్రాబాదు వెళ్ళి, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్లో 31,000 పెట్టి ఆర్‌టీఎక్స్ 3060 కార్డు కొన్నాం. వాడి ముఖంలో ఆ రోజు వెలిగిన వెలుగు నాకింకా గుర్తు. ఆ కొనుగోలుకు నేనిప్పటికీ పశ్చాత్తాపపడను. మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను.

కాని కథ అక్కడితో ఆగలేదు. ఆ కార్డు ఒక్కటే 170 వాట్ల దాకా కరెంటు లాగుతుంది. పాత పవర్ సప్లై దానికి చాలదన్నారు. అదొక 5,000. ఎండాకాలం వచ్చేసరికి ఇరుకు పెట్టెలో కార్డు సెగలు కక్కింది. గాలి ఆడే క్యాబినెట్టు 4,500. ఆ తర్వాత తెర వంతు వచ్చింది. మా పాత తెర సెకనుకు 60 సార్లు మాత్రమే బొమ్మ మార్చగలదు. కార్డు వందకు పైగా బొమ్మలు గీసినా, చేతికి కొద్దిగా చురుకు తెలుస్తుందేమో గాని కంటికి కనబడేవి అరవైయే. "తెర మార్చకపోతే కార్డు కొన్నది దండగే కదా నాన్నా" అన్నాడు. లెక్కల మాస్టారిని, కాదనలేకపోయాను. 2023 క్రిస్మసుకు 15,000 పెట్టి 144 హెర్ట్జ్ తెర తెచ్చాం. మొత్తం కలిపితే 55,500. అసలు కంప్యూటరు ఖరీదును కొసరు ఎప్పుడో దాటిపోయింది.

గోచీగుడ్డను ఎలుక కొరుకుతోందని పిల్లిని తెచ్చుకుని, పిల్లికి పాలకోసం ఆవును, ఆవుకు గడ్డికోసం పొలాన్ని, చివరికి పొలం చూసుకోవడానికి సంసారాన్నే తెచ్చిపెట్టుకున్న సన్యాసి కథ మనందరికీ తెలుసు. ఆ కథలో నన్నెప్పుడూ ఆశ్చర్యపరిచేది ఒకటే. ఏ మెట్టు దగ్గరా సన్యాసి చేసింది తెలివితక్కువ పని కాదు. పిల్లికి పాలు కావాలి, నిజమే. ఆవుకు గడ్డి కావాలి, అదీ నిజమే. మా ఇంట్లోనూ అంతే. ప్రతి కొనుగోలుకూ సరైన కారణం ఉంది. ఆ కారణాన్ని అంతకుముందు కొన్న వస్తువే అందించింది.

ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. కార్డు కొనడానికి రెండు నెలల ముందు, 2022 అక్టోబరులో, మా అమ్మను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టాలన్నారు. జత 38,000. "చూద్దాంలెండి" అని వచ్చేశాను. అమ్మ కూడా దారిలో "నాకెందుకురా ఈ వయసులో? పిల్లాడికి కావలసింది చూడు" అంది. ఆ మాట నాకు ఎంతో సుఖంగా వినబడింది.

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో నేను గమనించలేదు. అన్నాల దగ్గర ఆమెతో మాట్లాడటం తగ్గిపోయింది, ఎందుకంటే ప్రతిదీ మూడుసార్లు చెప్పాలి. అన్నిటికీ ఆమె "ఊఁ" అనేది. సాయంత్రం జపమాల చెప్పుకునేటప్పుడు అందరం ఆపిన తర్వాత ఆమె గొంతు ఒక్కటే వినబడేది. పిల్లలు నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. 2024 మేలో మావాడు ప్రాసెసరు మార్చాలన్నాడు. నేను యథాప్రకారం కాగితం తీసి లెక్క వేస్తుంటే, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఏమండీ, అత్తయ్యగారి మిషన్ల సంగతేమైంది?" అని మాత్రం అంది. దాదాపు ఇరవై నెలలు అయిందని అప్పుడు లెక్కపెట్టాను. అంత లెక్కల మాస్టారికీ ఆ లెక్క అంతవరకు తట్టలేదు.

"అవసరమైతే కొను, కోరికైతే మానుకో" అని పెద్దలు చెబుతారు. మంచి మాటే, కాని కష్టకాలంలో చేతికి అందదు. అవసరానికీ కోరికకూ మధ్య గీత ఒకచోట నిలవదు. మా నాన్నగారి చిన్నప్పుడు ఫ్యాను విలాసం. నా చిన్నప్పుడు ఇంట్లో ఫోను విలాసం. ఇవాళ అవి లేని ఇల్లు ఊహించలేం. పైగా ఏ కోరికైనా గట్టిగా వాదిస్తే అవసరం వేషం వేసుకోగలదు. నేనూ మావాడూ కలిసి ఆ నాటకాన్ని నాలుగుసార్లు రక్తి కట్టించాం.

కాబట్టి నేను నేర్చుకున్న ప్రశ్న వేరు. "ఇది అవసరమా?" అని కాదు, "దీనికోసం ఎవరి వంతు ఆగింది? వాళ్ళను అడిగామా?" అని. సంసారంలో డబ్బు రేషను దుకాణం ముందు వరస లాంటిది. ఒకరు ముందుకు వెళ్ళారంటే ఇంకెవరో వెనక్కి జరిగారన్నమాట. గట్టిగా అడిగేవాడు ముందుకు వస్తాడు. అడగనివాళ్ళు నిలబడే ఉంటారు.

"ఆవిడే వద్దన్నారు కదా" అని మీరనవచ్చు. నేనూ నాకు అలాగే చెప్పుకున్నాను. కాని జీవితమంతా తన కంచంలోది పిల్లల కంచంలోకి తీసివేసిన మనిషి "నాకొద్దు" అంటే, దాన్ని అనుమతిగా తీసుకోవడం చాలా సులభం. ఆ "వద్దు" ఆమె త్యాగం. దాన్ని వాడుకోవడం నా తప్పు. ఒకే మాటలో రెండూ ఉండవచ్చునని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంకొక తేడా కూడా ఉంది. కంప్యూటరు ఆగగలదు. ఆటలో బొమ్మల నాణ్యత ఒక మెట్టు తగ్గించుకుంటే పాత కార్డుతో ఇంకో ఏడాది గడుస్తుంది. ఆ ఏడాదిలో ఆట ఎక్కడికీ పోదు. కాని చెవులు ఆగవు. చాలాకాలం సరిగా వినని మనిషికి యంత్రం పెట్టినా మాటలు పోల్చుకోవడం మళ్ళీ అలవాటు చేసుకోవలసి వస్తుంది. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిదిద్దగల కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల సంఘం 2017 నుంచి చెబుతూనే ఉంది. ఆగగలిగినదాన్ని ముందుకు తోసి, ఆగలేనిదాన్ని వెనక్కి నెట్టాను నేను.

"ఇప్పుడే కొనకపోతే ధర పెరుగుతుంది" అనే భయం కూడా మనల్ని తొందరపెడుతుంది. 2021లో కార్డుల విషయంలో అదే భయం. 2025 చివర్లో ర్యామ్ విషయంలో మళ్ళీ అదే. కృత్రిమ మేధ కోసం కట్టే భారీ కేంద్రాలకు మెమరీ చిప్పులు తరలిపోవడంతో ధరలు ఎగబాకాయి. మైక్రాన్ సంస్థ సాధారణ కొనుగోలుదారులకు 'క్రూషియల్' పేరుతో అమ్మే మెమరీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ఆ డిసెంబరులో ప్రకటించింది. భయం వట్టిది కాదు. కాని ధర పెరుగుతుందనే భయంతో కొన్నా, తగ్గిందనే ఆశతో కొన్నా, వరసలో వెనక నిలబడినవారు అక్కడే ఉంటారు. వాయిదాల పద్ధతిలో కొంటే వారు కనబడను కూడా కనబడరు. పన్నెండు నెలలు నెలనెలా ఎవరిదో ఒకరి వంతు చడీచప్పుడు లేకుండా ఆగుతూ ఉంటుంది.

ఈ వరస మన గడప దగ్గర ముగిసిపోదు. 2022 ఒక్క సంవత్సరంలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తేల్చింది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్క తేలింది నాలుగో వంతుకన్నా తక్కువ. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల పేదవాళ్ళు రక్షణ లేకుండా ఆ బోర్డులను విడగొట్టి, రాగి తీసుకుని, పొగ పీలుస్తున్నారు. మనం మార్చిన ప్రతి భాగమూ ఎవరి చేతికో చేరుతుంది. మా పాత తెర ఏడాదిపాటు బీరువామీద దుమ్ము పట్టి ఉంది. మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ కూతురు డిగ్రీ చదువుతోందనీ, ఆ అమ్మాయికి తెర లేదనీ మా ఆవిడే గుర్తుచేసింది.

2024 జూన్‌లో అమ్మకు యంత్రాలు పెట్టించాం. ప్రాసెసరు ఆరు నెలలు ఆగింది. ఆగినందువల్ల ఒక మేలు కూడా జరిగింది. మా బోర్డు ఏఎండీ వారి ఏఎం4 రకం. 2017లో ఆ రకం బోర్డులు కొన్నవారు కూడా, బయోస్ అనే మూల సాఫ్ట్‌వేరును సరిచేసుకుని, 2022లో వచ్చిన ప్రాసెసర్లను వాటిలోనే బిగించుకోగలిగారు. మావాడు ఆ వివరాలన్నీ తనే చదివి, వాడిన రైజెన్ 5 5600 ఒకటి సగం ధరకు వెతికి పట్టుకుని, తనే బిగించాడు. అంతకుముందు నాలుగుసార్లు కొన్నప్పుడు నేర్చుకోనిది ఈ ఒక్కసారి ఆగినప్పుడు నేర్చుకున్నాడు. ఏది నిదానంగా నడుస్తోందో తెలుసుకోకుండా ఏదీ మార్చకూడదని ఇప్పుడు వాడే నాకు చెబుతున్నాడు.

యంత్రాలు పెట్టుకుని ఇంటికొచ్చిన రోజున అమ్మ వరండాలో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల మావాడు ఆట మొదలుపెట్టాడు. తుపాకులు, బాంబులు. ఆమె ఉలిక్కిపడి లేచి "ఒరే అబ్బాయీ, ఇన్నాళ్ళూ ఈ రొదలోనా మీరంతా కాపురం చేస్తున్నది?" అంది. అందరం నవ్వాం. ఈసారి ఆమెకు ఎందుకు నవ్వుతున్నామో తెలిసింది. మావాడు బయటికి వచ్చి "సారీ నాయనమ్మా" అని హెడ్‌ఫోను తగిలించుకున్నాడు.

మిత్రుడికి నేనిచ్చిన జవాబు ఇది: కొనండి. అప్పు చేయకుండా కొనగలిగితే సంతోషంగా కొనండి, కుదిరితే మీరు కూడా పక్కన కూర్చుని ఒక ఆట ఆడండి. కాని కొనేముందు ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏం కావాలో అడగండి. గట్టిగా అడిగేవారి సంగతి మీకు ఎలాగూ తెలుసు. ఎన్నడూ ఏమీ అడగనివారిని రెండోసారి అడగండి. వారు "నాకేం వద్దు" అంటే, ఆ మాటను వెంటనే నమ్మకండి.