కరువొస్తే సూర్యుడి మీద నింద వేయొచ్చా? అనంతపురం ఎండలో ఒక ధర్మ విచారణ

ఓం శ్రీ సూర్యనారాయణాయ నమః.

రథసప్తమి దగ్గర పడుతుంటే మన అనంతపురం వైపు నుంచి చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, సూర్యుడి మీద మచ్చలు పెరిగినాయంట, అక్కడ తుఫాన్లు లేస్తాండాయంట. మాకు వానలు ఎగ్గొట్టేది, ఎండలు ముదిరేది ఆయన కోపం వల్లేనా? మేం ఏం పాపం చేసినాం?"

ఈ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సూర్యుడిలో మార్పు వస్తే భూమి మీద వాతావరణం మారుతుందా అన్నది ఒకటి. మన కష్టానికి కారణం మన పాపమా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సరిగ్గా తెలిస్తేనే రెండోదానికి జవాబు దొరుకుతుంది. అందుకే ఈరోజు కాస్త ఓపికగా, పురాణాన్నీ శాస్త్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

సానపట్టిన తేజస్సు

విష్ణు పురాణంలో సంజ్ఞాదేవి కథ ఉంది. ఆమె విశ్వకర్మ కూతురు, సూర్యుడి భార్య. భర్త తేజస్సు తట్టుకోలేక, తన స్థానంలో ఛాయను ఉంచి అడవికి వెళ్ళిపోయింది. సంగతి తెలిసిన సూర్యుడు ఏం చేశాడు? ఆమెను కోప్పడలేదు, శపించలేదు. విశ్వకర్మ దగ్గర సానకు కూర్చుని తన తేజస్సులో ఎనిమిదో వంతు తీయించుకున్నాడు. ఆ రజనుతోనే విష్ణు చక్రం, శివుడి త్రిశూలం, కుమారస్వామి శక్తి ఆయుధం తయారయ్యాయి.

ఈ కథలో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. ఎదుటివాళ్ళు తట్టుకోగలిగేంతకు తనను తాను తగ్గించుకున్న దేవుడు సూర్యుడు. అలాంటి దేవుణ్ణి "మన మీద పగబట్టాడు" అనడానికి నోరెలా వస్తుంది?

ఒకే సూర్యుడు, మూడు ఇళ్ళు

సూర్యుడి ప్రభావం గ్రహాల మీద లేదని కాదు, చాలా ఉంది. మూడు ఇళ్ళు చూద్దాం.

మొదటిది శుక్రుడు. అక్కడి నేల వేడి సుమారు 460 డిగ్రీల సెల్సియస్, సీసం కరిగిపోయేంత. సూర్యుడికి దగ్గర కాబట్టి అనుకుంటాం. కానీ ఇంకా దగ్గరగా ఉన్న బుధుడి కంటే శుక్రుడే ఎక్కువ వేడి. కారణం, శుక్రుడు కప్పుకున్న మందమైన బొగ్గుపులుసు వాయువు దుప్పటి. లోపలికి వచ్చిన వేడిని అది బయటికి పోనివ్వదు.

రెండోది అంగారకుడు. ఒకప్పుడు అక్కడ నీళ్ళు పారిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గ్రహానికి అయస్కాంత కవచం పోయింది. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే సౌర పవనం అక్కడి గాలిని కోట్ల ఏళ్ళపాటు కొంచెం కొంచెంగా ఊడ్చేసింది. 2014లో అంగారకుడి కక్ష్యలో చేరిన మావెన్ అనే వ్యోమనౌక ఈ గాలి పోవడాన్ని కొలిచింది. సౌర తుఫాను వచ్చినప్పుడు ఆ నష్టం ఇంకా పెరుగుతుందని కూడా చూసింది.

మూడో ఇల్లు మన భూమాత. ఆమెకు అయస్కాంత కవచం ఉంది, సరిపడా గాలి దుప్పటి ఉంది. సూర్యుడు ముగ్గురికీ ఒక్కడే. ఫలితాలు వేరువేరుగా వచ్చింది, ఆయన ఇచ్చినదాన్ని ఏ ఇల్లు ఎలా పట్టుకుంది, ఎలా కాపాడుకుంది అన్నదాన్ని బట్టి కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మచ్చలు, తుఫాన్లు: అసలు లెక్క

సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్ళకొకసారి పెరిగి తగ్గుతుంటాయి. ఇప్పటి చక్రం 2019 డిసెంబర్‌లో మొదలైంది, 2024లో పతాక స్థాయికి చేరింది. మరి ఈ హెచ్చుతగ్గులతో మనకు అందే వెలుగు ఎంత మారుతుంది? సుమారు వెయ్యిలో ఒక వంతు. వెయ్యి రూపాయలు ఇచ్చే చేయి ఒకసారి వెయ్యి, ఒకసారి ఒక రూపాయి తక్కువ ఇచ్చినట్టు. దాని వల్ల భూమి సగటు ఉష్ణోగ్రతలో వచ్చే తేడా డిగ్రీలో పదో వంతు దగ్గర ఉంటుంది. 19వ శతాబ్దం నుంచి భూమి వేడెక్కింది మాత్రం ఒక డిగ్రీకి పైగా. అదీ గత నలభై ఏళ్ళలో సూర్యుడి వెలుగు పెరగకుండానే వేడి పెరుగుతూ వచ్చింది.

1645 నుంచి 1715 వరకు సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనిపించలేదు. ఆ రోజుల్లో యూరప్‌లో చలి ఎక్కువగా ఉండేది. అందులో సూర్యుడి పాత్ర కొంత ఉంది, అగ్నిపర్వతాల పాత్ర కూడా ఉంది. కాబట్టి "సూర్యుడి మార్పుతో ఏమీ కాదు" అనడం తప్పు, "అన్నిటికీ సూర్యుడే కారణం" అనడమూ తప్పే.

తుఫాన్ల సంగతి కూడా చెప్పుకుందాం. 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను భూమిని తాకింది. లడఖ్‌లోని హన్లేలో రాత్రి ఆకాశం ఎర్రగా మెరిసింది. ఇలాంటి తుఫాన్లు ఉపగ్రహాలను, రేడియో సంకేతాలను, కరెంటు లైన్లను ఇబ్బంది పెడతాయి. మన పొలంలో ఎండను పెంచవు, మబ్బును చెదరగొట్టవు.

ధాత కరువు నేర్పిన పాఠం

ఇప్పుడు మన నేల చరిత్రకు వద్దాం. 1876-77 ధాత నామ సంవత్సరం. ధాత కరువు పేరు మన సీమలో పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు, బళ్ళారిలో భాగంగా ఉండేది. ఆ కరువులో బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా.

సరిగ్గా అప్పుడే సూర్యుడి మీద మచ్చలు బాగా తగ్గి ఉన్నాయి. 1877లో విలియం హంటర్ అనే అధికారి మద్రాసు వాన లెక్కలను సూర్యుడి మచ్చల లెక్కలతో పోల్చి, మచ్చలు తగ్గితే వాన తగ్గుతుందని రాశాడు. సూర్యుణ్ణి గమనిస్తే వానల్ని ముందే తెలుసుకోవచ్చనే ఆశ బలపడింది. 1899లో కొడైకెనాల్‌లో సౌర పరిశోధనశాల రావడం వెనుక ఆ ఆశ కూడా ఉంది.

తర్వాత 1904లో మన దేశ వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ఏళ్ళ తరబడి లెక్కలు వేశాడు. మచ్చలకు, మన వానకు గట్టి సంబంధం కనిపించలేదు. పసిఫిక్ సముద్రం వైపు, హిందూ మహాసముద్రం వైపు గాలి ఒత్తిడి త్రాసు తక్కెడల్లా ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతుందని ఆయన గుర్తించాడు. దాంతో ముడిపడ్డదే ఈరోజు మనం వినే ఎల్‌నినో. ధాత కరువు రోజుల్లో, 1877లో, చాలా బలమైన ఎల్‌నినో వచ్చింది.

కానీ అసలు పాఠం ఇది కాదు. జనం ఆకలితో పడిపోతున్న ఆ రోజుల్లోనే దేశం నుంచి ధాన్యం ఓడల్లో ఎగుమతి అవుతూ వచ్చింది. కరువు పనుల్లో రాళ్ళు మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కూడా లేని కొలత, చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించాడు. వాన రాకపోవడం ప్రకృతి. అన్నం పెట్టకపోవడం మనిషి చేసిన పని. సూర్యుడి మీద మచ్చలు వెతికితే దొరుకుతాయి, కానీ అప్పటి మచ్చ ఉన్నది పాలన మీద.

మేం ఏం పాపం చేసినాం?

ఇక రెండో ప్రశ్న. మన జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బుల తేమను పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. ఇది భూమి వాలు, కొండల వరుస, సముద్రం దూరం. ఇందులో ఏ రైతు పాపమూ లేదు.

ఈ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, శెనక్కాయ పంట ఎండిపోయి, అప్పు తీర్చలేక ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్ళు మన జిల్లాలో ఉన్నాయి. అలాంటి ఇంటికి పోయి "మీ జాతకంలో సూర్య దోషం ఉంది, ఇంత ఖర్చు పెట్టి శాంతి చేయించండి" అనేవాళ్ళు ఉన్నారు. అప్పుల బరువు మీద పాపం బరువు కూడా పెట్టడం భక్తి కాదు. మీరెవరైనా ఆ బరువు మోస్తుంటే ఈరోజే దించేయండి. ఇంట్లో వాళ్ళతో మాట్లాడండి, ఒంటరిగా ఉండొద్దు.

రామాయణం చూడండి. యుద్ధభూమిలో రాముడు అలసిపోయి ఆలోచనలో పడితే అగస్త్యుడు వచ్చాడు. "సూర్యుడికి నీ మీద కోపం" అనలేదు. ఆదిత్య హృదయం ఉపదేశించి, సూర్యుణ్ణి చూసి ధైర్యం తెచ్చుకోమన్నాడు. తర్వాత విల్లు ఎత్తింది ఎవరు? రాముడే. సూర్యుడు బాణం వేయలేదు. దేవుడు బలమిస్తాడు, పని మనం చేయాలి.

హనుమంతుడి చదువు

గుంతకల్లు దగ్గర కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామిని మనలో దర్శించనివాళ్ళు తక్కువ. ఆ స్వామి పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని అందుకోవడానికి ఎగిరాడు. పెద్దయ్యాక అదే సూర్యుడికి శిష్యుడై, రథానికి ఎదురుగా ముఖం పెట్టి, దానితో పాటే వెనక్కి నడుస్తూ వ్యాకరణం నేర్చుకున్నాడు. భయంతోనో ఆశతోనో ఎగరడం పసితనం. ఎదురుగా నిలబడి నేర్చుకోవడం భక్తి.

మన తెలుగు నేల కూడా ఆ చదువు చదివింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం రోజున గుంటూరులో జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సూర్యుడి అంచున లేచే జ్వాలలను పరీక్షించాడు. 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచే ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. 2024 జనవరి 6 నుంచి భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, భూమితో పాటే తిరుగుతూ, ముఖం ఎప్పుడూ సూర్యుడి వైపే పెట్టి చూస్తోంది. దానిలో ఏడు పరికరాలు. ఏడు గుర్రాల స్వామిని చూడటానికి ఏడు కళ్ళు!

మన వంతు

కార్తెలన్నీ సూర్యుడి నడకే. మృగశిర, ఆరుద్ర అని మనం లెక్కపెట్టేది ఆయన ఏ నక్షత్రంలో ఉన్నాడనే. ఆయన సముద్రం నుంచి నీళ్ళు ఎత్తి తెస్తాడు. పడ్డ చినుకును నిలుపుకోవడం మన ఇంటి పని. ఒక ఎకరా మీద 550 మిల్లీమీటర్లు పడితే సుమారు 22 లక్షల లీటర్లు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడినా 930 లీటర్ల దాకా వస్తుంది. అందులో మనం ఎంత పట్టుకుంటున్నాం?

మన పెద్దలు పట్టుకున్నారు. విజయనగర రాజుల నాటి బుక్కరాయసముద్రం చెరువు మన కళ్ళ ముందే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్తుంది. చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా ఎంచింది మన ధర్మం. కన్నబిడ్డతో సమానం అన్నమాట. అలాంటి చెరువును పూడ్చి ప్లాట్లు వేసి, తర్వాత విరాటపర్వం చదివించి వాన అడిగితే, చదివే నోటికి అడిగే హక్కు ఉంటుందా?

విరాటపర్వం మానమని చెప్పడం లేదు. చదివించండి, ఊరంతా ఒకచోట కూర్చునే పుణ్యం అది. దానితో పాటు ఈ రథసప్తమికి మూడు పనులు సంకల్పం చేసుకుందాం. జిల్లేడు ఆకులతో స్నానం చేశాక ఇచ్చే అర్ఘ్యం నీళ్ళు ఒక చెట్టు మొదట్లో పడేలా ఇద్దాం. వానాకాలం లోపల మిద్దె నీళ్ళు ఇంకేలా ఒక గుంత తవ్వుకుందాం. ఊరి చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువల్లో ఒక్కదానికైనా పదిమంది కలిసి పూడిక తీద్దాం.

ఆయన వెయ్యికి సుమారు ఒక రూపాయి తేడాతోనే రోజూ ఇస్తున్నాడు. ఇచ్చినదాన్ని నిలుపుకునే బుద్ధి, పక్కవాడి కష్టాన్ని పాపమని అనకుండా పంచుకునే మనసు, ఈ రెండూ ఆ సూర్యనారాయణుడు మనందరికీ ప్రసాదించాలని కోరుకుంటూ...

ఓం ఆదిత్యాయ నమః. శుభం.