‘ఉఫ్’ అని చెప్పుకోలేని తల్లిదండ్రులు

తల్లిదండ్రులలో ఒకరుగానీ ఇద్దరూగానీ మన దగ్గర ముసలితనానికి చేరితే, వారి ముందు విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనకూడదని దివ్య ఖుర్ఆన్ ‘బనీ ఇస్రాయీల్’ సూరా 23వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. ఈ ఆజ్ఞ మనందరికీ తెలిసినదే. అయితే, తమ బాధ చెప్పుకోవడానికి తామే ‘ఉఫ్’ అనలేని తల్లిదండ్రులు కూడా మన ఇళ్ళలో ఉన్నారు. డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి సోకినవారు వారే.

అన్నీ తెలిసిన తర్వాత ఏమీ తెలియని స్థితికి చేరే వయస్సు గురించి ‘నహ్ల్’ (70), ‘హజ్’ (5) సూరాలలో ప్రస్తావన ఉంది. దైవప్రవక్త (స) ఆ దశ నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. కనుక ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధితో ఉన్నారు.

ఇది జ్ఞాపకశక్తికి మాత్రమే సంబంధించిన జబ్బు అనుకోవడం పొరపాటు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ ఆల్జీమర్ పరీక్షించిన ఆగస్టె డీటర్ అనే మహిళ వల్లే ఈ వ్యాధిలో ముఖ్యమైన రకం లోకానికి తెలిసింది. ఆమె 1906లో మరణించింది. ఆమె ప్రాణం తీసింది మతిమరుపు కాదు, పడక పుండు నుండి రక్తంలోకి పాకిన విషం. నేటికీ ఎందరో రోగులు న్యుమోనియా వల్ల, ఇన్ఫెక్షన్ల వల్ల, జారిపడడం వల్ల కన్నుమూస్తున్నారు. వీటిలో చాలావాటిని ఇంటివారి జాగ్రత్తతో ఆపవచ్చు, లేదా తొందరగా గుర్తించవచ్చు.

వ్యాధి ముదిరేకొద్దీ మింగడం కష్టమవుతుంది. అన్నం, నీళ్ళు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తటి ఆహారం చిన్న చిన్న ముద్దలుగా పెట్టండి. తిన్నాక అరగంట కూర్చోనివ్వండి. తినేటప్పుడు తరచూ దగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి. దాహమని వారు అడగరు కాబట్టి నీళ్ళు మనమే గుర్తుపెట్టుకొని తాగించాలి.

మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలి. పరదా, సిగ్గు కారణంగా చాలా ఇళ్ళలో ఈ పుండ్లు ముదిరేవరకు ఎవరి కంటా పడవు. స్త్రీకి స్త్రీ, పురుషునికి పురుషుడు సేవ చేయడం మేలు. అలాంటివారు లేనప్పుడు అవసరమైనంత మేరకు చూడడానికి, శుభ్రపరచడానికి షరీఅత్ అనుమతిస్తుంది. సిగ్గు పేరుతో తల్లిని పుండుతో వదిలేయడం ధర్మం కాదు.

మరో ముఖ్యమైన విషయం. నిన్నటివరకు ఒకలా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే కేకలు వేయడం, లేనివారితో మాట్లాడడం, లేదా మత్తుగా పడి ఉండడం మొదలుపెడితే కొందరు జిన్ను పట్టిందంటారు, చేతబడి అంటారు. తావీజు కోసం ఆమిల్ దగ్గరికి పరుగెడతారు. నిజానికి చాలాసార్లు దాని వెనుక మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, నీరు తగ్గడం, మలబద్ధకం, మందులు పడకపోవడం, కనబడని ఎముక విరుగుడు వంటివి ఉంటాయి. నోరు చెప్పలేని ‘ఉఫ్’ను వారి ప్రవర్తన చెబుతోంది. దుఆ చేయండి, ఖుర్ఆన్ పారాయణం చేయండి. కాని అదే రోజు డాక్టరుకు చూపించండి. వైద్యం చేయించుకోమని, ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు ఉంచాడని దైవప్రవక్త (స) బోధించారు. ముసలితనానికి మందు లేకపోవచ్చు, ముసలివారి జ్వరానికి ఉంది కదా!

మతి పూర్తిగా పోయినవారిపై నమాజు, రోజా విధి కావు. మతిలేనివారి నుండి కలం ఎత్తివేయబడిందని హదీసు తెలుపుతోంది. కనుక రమజానులో వారిని పస్తులుంచకండి. తడి నేలపై వుజూకు ఒంటరిగా పంపకండి. తెలివి వచ్చిపోతూ ఉండేవారి విషయంలో మీ దగ్గరి ఉలమాను అడగండి.

ఈ సేవ ఒక్క కోడలి భారం కాదు. ఆయతులోని ఆజ్ఞ ముందుగా సంతానానికే. కొడుకులూ కూతుళ్ళూ వంతులు పంచుకోవాలి. మన పేరు మరచిన తండ్రి నుండి దీవెన వినబడకపోవచ్చు. కాని మనం తిప్పిన ప్రతి పక్కా, తాగించిన ప్రతి గుక్కా అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు.

మన పసితనంలో మాటలు రాని మన ఏడుపును అర్థం చేసుకున్న తల్లిదండ్రుల మౌనాన్ని అర్థం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.