రేవులో ముగ్గురు పిల్లలు



ఐర్లాండులోని కోవ్ రేవును నడిచి చూడవలసిందే. 1848 నుండి 1950 వరకు సుమారు 25 లక్షలమంది అక్కడే ఓడలెక్కి దేశం విడిచారు. ఒడ్డున ఆనీ మూర్ అనే బాలిక, ఆమె ఇద్దరు తమ్ముళ్ల శిల్పం ఉంది. తల్లిదండ్రులను చేరుకోవడానికి 1891 డిసెంబరులో బయలుదేరిన ఆ పిల్లలు, 1892 జనవరి 1న న్యూయార్కులోని ఎల్లిస్ దీవిలో దిగారు. ఆనాడే తెరచిన ఆ కేంద్రంలో నమోదైన తొలి వలసదారు ఆనీయే.

రేవునుండి పైకెక్కితే పునీత కొల్మన్ కథీడ్రల్. 1868లో మొదలై 1915లో పూర్తయింది. గోడలు లేస్తుండగానే బిడ్డలు వెళ్లిపోయారు.

గల్ఫుకు వెళ్లిన మన బిడ్డలకోసం జపమాల చెబుతాము. మంచిదే. మరి కూలికై మన ఊరు వచ్చిన పరదేశి? అతడూ ఒక తల్లి బిడ్డే. ఈ ఆదివారం పూజ తరువాత అతని పేరు అడగండి, ఇంటికి పిలిచి అన్నం పెట్టండి. అతనిలో వచ్చేది ప్రభువే.