లక్కమ్మ కొలత

కల్యాణ పట్టణమున ఆయదక్కి మారయ్య, రాలిన బియ్యపుగింజల నేరుకొనుటయే కాయకముగా జీవించెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, అక్కరకు మించినది మనకు తగదని భార్య లక్కమ్మ తిప్పి పంపెను. అక్కర యెంతయో ఎరిగి కొలుచుటయే ఆ తల్లి నేర్పిన విద్య.

నేటి ఉద్యోగులకును ఆ విద్య కావలెను. చేతికందినదే జీతము, తక్కినదంతయు కోతయని పలువురు తలంతురు. 1948 నాటి చట్టముతో ఏర్పడిన ఇ.ఎస్.ఐ. పథకమును చూడుడు. 2019 జూలైలో అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారము కార్మికుని వంతు వేతనములో నూటికి 0.75, యజమాని వంతు 3.25. అనగా 16,000 రూపాయల వేతనమునకు కోత 120 రూపాయలు. యజమాని కట్టవలసినది 520. కోసిన 120 ప్రతి నెలయు కంటబడును. కలిసిన 520, ఇల్లాలు ఆసుపత్రి పాలైననాడు గాని కంటబడదు.

కొన్ని సంస్థలు ఒక మొత్తమును నిర్ణయించి, భోజన కూపన్లు, వైద్య బీమా, ప్రయాణ భత్యము మొదలగువానిలో కావలసినవి ఉద్యోగినే ఎంచుకొమ్మనుచున్నవి. ఇది మంచి పద్ధతియే. ఒంటరి యువకునకు నగదు ప్రియము. వృద్ధులైన తల్లిదండ్రులు గలవానికి వారి పేర బీమా ప్రియము. ఒకే వెయ్యి రూపాయలు ఇద్దరి ఇండ్లలో ఒకే బరువు తూగవు. ఆకలిగొన్నవానికి వస్త్రమిచ్చిన అది దాసోహమగునా?

అయితే యజమానులు ఒకటి గమనింపవలెను. లక్కమ్మ కొలిచినది తన యింటి బియ్యమునే గాని పరుల కూలిని కాదు. ఆమె కథ చెప్పి వేతనము తగ్గించి, కూపన్లతో సరిపెట్టుట ధర్మము కాదు. కూపనుతో భోజనము దొరకును గాని ఇంటి అద్దె తీరదు, అప్పు తీరదు. అంతియే కాదు, భవిష్యనిధియు, గ్రాట్యుటీయు వేతనమును బట్టియే లెక్కకు వచ్చును. నేడు వేతనమును కుదించి భత్యములను పెంచినచో, రేపు ముసలితనపు కూడు తగ్గును. అందుచేతనే 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన లేబరు కోడులు, మినహాయింపు గల భత్యములు మొత్తము ప్రతిఫలములో సగమును మించినచో, మించిన భాగమును వేతనముగనే ఎంచవలెనని విధించినవి.

కావున శరణులారా! జీతము వచ్చిన దినమున ఆ చీటిని ఇల్లాలి యెదుట పరచుడు. ఏది నేటి అక్కరకు, ఏది రేపటి ఆపదకు అని ఇరువురును కూర్చుండి కొలుచుడు. మారయ్యకు దారి చూపినది అతని ఇల్లాలే గదా! చెమటకు తగిన వేతనము అడుగుట ఆశ కాదు. అది కాయకమునకు గౌరవము. అక్కరను అడిగి తెలిసికొని ఇచ్చుట యజమానికి శోభ.