ఎర్రబస్సు ఎవరి జ్ఞాపకం?

హైదరాబాదులో బస్ భవన్ దగ్గర ఒక పాత ఆల్బియన్ బస్సును భద్రపరిచారు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటి తరం బండి అది. తయారైంది స్కాట్లాండులోని గ్లాస్గోలో. దానితోపాటు మనకు ఒక కథ కూడా మిగిలింది. ఈనాటికీ ఆర్టీసీ బస్సుల నంబర్లలో జెడ్ అనే అక్షరం కనిపిస్తుంది కదా, అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి జెహ్రా బేగం పేరులోనిదని చెబుతారు. బస్సులకు తల్లి పేరు పెట్టాలని ఆయన అనుకున్నాడట. వాహనాలకు అలా పేరు పెట్టడం కుదరదని అధికారులు అంటే మొదటి అక్షరంతో సరిపెట్టుకున్నాడట. ఈ కథ విన్నవాళ్లంతా కొడుకు ప్రేమను మెచ్చుకుంటారు. ఆ తల్లి ఎప్పుడైనా ఆ బస్సెక్కిందా అన్న ప్రశ్న మాత్రం కథలోకి రాదు.

నాకు ఆ ప్రశ్న రావడానికి కారణం బస్సుల్ని ప్రేమించే కొందరు కుర్రవాళ్లు. బస్సుల కోసం, రైళ్ల కోసం సంఘాలు పెట్టుకునేవాళ్లు ఉంటారని మనలో చాలామందికి తెలియదు. మన దేశంలో రైలు అభిమానుల సంఘం ఐ.ఆర్.ఎఫ్.సి.ఎ. 1989 నుంచీ ఉంది. ఇంగ్లండులో ట్రాముల మీద ఇష్టం ఉన్నవాళ్లు 1955లో సంఘం పెట్టుకుని క్రిచ్ అనే పల్లెలో ఏకంగా ఒక మ్యూజియమే నడుపుతున్నారు. ముంబయిలో 2023 సెప్టెంబరు 15న చివరి డీజిల్ డబుల్ డెక్కర్ బస్సు తిరిగిన రోజు జనం దానికి పూలదండలు వేసి సాగనంపారు. మన హైదరాబాదు డబుల్ డెక్కర్లు 2000ల మొదట్లో పోయాయి. అప్పుడు అంత హడావుడి ఏమీ జరగలేదు కానీ, సికింద్రాబాదు నుంచి జూపార్కుకు పోయే 7జెడ్ మేడమీద సీటు గురించి ఇప్పటికీ కళ్లు మెరిపిస్తూ చెప్పేవాళ్లున్నారు.

పోయినేడు అలాంటివాళ్లు నలుగురు వనపర్తికి వచ్చారు. ఒకతను నా స్నేహితురాలి తమ్ముడు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు బస్టాండ్లలో రెండు రోజులు తిరిగి, తీసెయ్యబోయే పల్లెవెలుగు బస్సుల్ని ఫొటోలు తీసుకుని, వివరాలు రాసుకోవడం వాళ్ల పని. నేనూ వెంట వెళ్లాను. నలుగురూ మర్యాదస్తులు. బస్సు వస్తుంటే చూపుకందకముందే ఇంజను చప్పుడు బట్టి అది లేలాండో టాటానో చెప్పేవాళ్లు. బాడీ ఏ వర్క్‌షాపులో కట్టారు, కిటికీ కడ్డీలు ఎన్ని, రంగు ఎప్పుడు మారింది, ఇవన్నీ ఒక పెద్ద పట్టికలో గడులు గీసుకుని నింపుతున్నారు. ఇష్టమైన వస్తువు ముందు అంత ఓపికగా నిలబడ్డవాళ్లను చూస్తే నాకు ముచ్చటేసింది. తాళపత్రాల ముందు మేమూ అలాగే నిలబడతాం.

ఒక పల్లెవెలుగు బస్సునైనా తుక్కు కాకుండా ఆపి, ఎక్కడో ఒకచోట నిలబెట్టాలని వాళ్ల కోరిక. అందుకు ఒక విన్నపం రాసిపెట్టమన్నారు. “మీరు తెలుగులో పీహెచ్‌డీ కదక్కా, కదిలించేట్టు రాయండి” అన్నాడు స్నేహితురాలి తమ్ముడు. కదిలించేట్టు రాయడం పెద్ద కష్టం కాదు. ఎవరి తరఫున రాయాలన్నదే నాకు తేలలేదు.

ఎందుకంటే ‘ఎర్రబస్సు’ మన భాషలో ఒక తిట్టు. ‘ఎర్రబస్సెక్కి వచ్చావా’ అంటే పల్లెటూరి మొద్దువా అని. నేను పై చదువుకు నగరానికి వచ్చిన మొదటి నెలలో, సెమినారులో ‘ఎరుక’ అన్న మాట వాడినందుకు ఒక సహాధ్యాయి నవ్వుతూ ఈ ప్రశ్న వేశాడు. నిజమే, నేను ఆ బస్సెక్కే వచ్చాను. మా ఊళ్లకు అది తప్ప మరొకటి లేదు. గద్వాలకు నిజాం కాలంలోనే మీటరుగేజి రైలు వచ్చింది, 2013 నుంచి రాయచూరుకూ లైను ఉంది. వనపర్తి పేరుతో వనపర్తి రోడ్ అనే స్టేషనుంది గానీ అది ఊళ్లో లేదు, మదనాపురం దగ్గర ఉంది. నాగర్‌కర్నూలుకు ఆ పాటి పేరు కూడా దక్కలేదు. అందుకని మాకు లోకమంటే బస్సే. ఆ లోకం నుంచి వచ్చినందుకు ఒకప్పుడు నన్ను వెక్కిరించిన నగరమే ఇప్పుడు ఆ బండి మీద బెంగపెట్టుకుని వస్తే నేనేమనుకోవాలి? అది పశ్చాత్తాపమని సంతోషించాలా? లేక ఇక ఎక్కనక్కరలేదు గనక అందంగా కనిపిస్తోందా?

ఒక వస్తువును ప్రేమించడానికి దానికీ మనకూ మధ్య కొంచెం ఎడం కావాలి. రోకలి డ్రాయింగు రూములో అలంకారమైంది దంపడం మానేశాకే. ఈ ప్రేమ తప్పని నేననను. అవసరంగా ఎక్కినవాళ్లకు లేని తీరిక ఇష్టంగా చూసేవాళ్లకు ఉంటుంది, ఆ తీరిక వల్లనే కొన్ని వస్తువులు బతుకుతాయి. కానీ తీరిక ఉన్నవాళ్లు ఏది రాసుకుంటే అదే చరిత్ర అవుతుంది. పేచీ అక్కడ.

మధ్యాహ్నం వాళ్లను మా ఇంటికి భోజనానికి తీసుకుపోయాను. మా అమ్మ ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. బిజినేపల్లి వైపు పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా టీకాలేసింది. వాళ్లకు హుషారొచ్చి, “అప్పట్లో మీరు ఎక్కింది లేలాండా, టాటానా ఆంటీ?” అని అడిగారు.

“ఏ బండో నాకేమెరుక బిడ్డా. పొద్దుగాల అయిదుంబావుకు కదిలేది. రాత్రి మా ఊళ్లెనే పండుతుండె కద, డ్రైవరు ఇంజను మొదలువెడితె నేను పొయ్యి మీది గిన్నె దించేదాన్ని. అది దొరక్కపోతె మళ్ల తొమ్మిదింటికే. అప్పటిదాంక టీకాల డబ్బల ఐసు ఆగుతదా?”

ఆమెకు బస్సు రంగు సరిగ్గా గుర్తులేదు. టైము గుర్తుంది. ఐసు డబ్బాకు ఎండ తగలకుండా తన సీటు కింద పెట్టనిచ్చిన కండక్టరు గుర్తున్నాడు. మొదటి మెట్టు ఎంత ఎత్తో ఆమె మోకాలికి గుర్తుంది. ఆ నైట్ హాల్ట్ బస్సు ఊళ్లో పడుకోవడం మొదలయ్యాకే మా వీధిలో ముగ్గురు ఆడపిల్లలు ఏడో తరగతి దాటి చదివారని చెప్పింది. బస్సు పొద్దున్నే పోవాలి, చీకటి పడకముందే రావాలి. ఆ రెండు టైముల్లో ఏది తప్పినా మొదట మానేది ఆడపిల్లే. మరొక మాట కూడా చెప్పింది. డ్రైవరూ కండక్టరూ బడి వరండాలో పడుకునేవారట, వాళ్లకు నీళ్లూ ఒక్కోసారి అన్నమూ ఆ పక్కింటి ఇల్లాలు పెట్టేదట. ఆమెకు ఆర్టీసీతో ఏ సంబంధమూ లేదు. ఆ సర్వీసు నడవడంలో ఆమె చేతి అన్నం ఒక భాగం.

తిరిగి వస్తుంటే “ఆంటీకి బస్సులంటే పెద్ద ఇంట్రెస్టు లేదక్కా” అన్నాడు ఒకతను, నొప్పించే ఉద్దేశం లేకుండానే. వాళ్ల పట్టికలో ఆమె చెప్పిన వాటికి గడి లేదు మరి.

బండి అంటే ఏయే భాగాలు? ఇది మన దేశంలో పాత ప్రశ్న. మిలిందపన్హలో నాగసేనుడు రాజును అడుగుతాడు: నువ్వు రథమెక్కి వచ్చానంటున్నావు, నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలా, పెట్టెనా, జెండాకర్రా, కాడా, పగ్గాలా, ముల్లుకర్రా? ఇవేవీ విడిగా రథం కావు, అన్నీ కూడినప్పుడు వాడుకలో ‘రథం’ అంటామని తేలుతుంది. మన పాఠాల్లో ఇది నాగసేనుడి వాదంగానే నడుస్తుంది. కానీ ఆ పోలిక అంతకుముందే వజిర అనే భిక్షుణి చెప్పింది. ప్రాణి ఎవరు, ఎక్కడి నుంచి వచ్చింది అని మారుడు కలవరపెట్టబోతే ఆమె ఇచ్చిన జవాబు అది. సంయుత్తనికాయంలోని భిక్షుణుల భాగంలో ఉంది. నాగసేనుడు నిజాయితీగా ఆమె పేరు చెప్పాడు, దాన్ని వదిలేసింది తర్వాతివాళ్లు. తల్లి పేరు ఒక అక్షరంగానైనా మిగిలింది, ఈమెకు అదీ లేదు.

నాగసేనుడి జాబితాను మరోసారి చూడండి. ముల్లుకర్ర ఉంది, దాన్ని పట్టుకునే చెయ్యి లేదు. కాడి ఉంది, దాని కింద మెడ లేదు. ఎక్కి వచ్చిన రాజు ఎదురుగానే ఉన్నాడు, ఆయనా లెక్కలోకి రాలేదు. అక్కడ వాదం వేరే విషయం గురించి కనుక తత్త్వానికి ఆ జాబితా చాలు. మ్యూజియానికి చాలదు. ఏ వస్తువును నిలబెట్టాలో ఎంచుకునేటప్పుడు భాగాల లెక్క నైతిక ప్రశ్న అవుతుంది. ఏ భాగం పోతే అది ఆ బస్సు కాకుండా పోతుంది? ఇంజను మారిస్తే బాధపడే అభిమాని, అయిదుంబావు పోతే ఎందుకు బాధపడడు?

అమెరికాలో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో 2857 నంబరు సిటీ బస్సు ఒకటుంది. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ తన సీటులోంచి లేవనని కూర్చున్నది అందులోనే. సర్వీసులోంచి తీసేశాక ఒకాయన కొని పొలంలో పెట్టుకుని పనిముట్లు దాచుకున్నాడు. 2001లో వేలంపాటలో మ్యూజియం దాన్ని 4,92,000 డాలర్లకు కొంది. అది ఆ బస్సేనని నమ్మడానికి ఆధారమేమిటంటే, అక్కడి బస్ స్టేషను మేనేజరు పత్రికల కత్తిరింపులు అంటించుకున్న పుస్తకంలో ఆ వార్త పక్కన డ్రైవరు పేరూ బస్సు నంబరూ రాసుకోవడం. 1948 నాటి ఆ మోడలు బస్సు ఇంజను కోసం ఎవరూ అంత డబ్బు పెట్టరు. అందులో కూర్చున్న ఒక కుట్టుపని చేసే స్త్రీ కోసం పెట్టారు. అంటే ప్రయాణికురాలు కూడా బండిలో భాగమేనని ఒక్కసారి లోకం ఒప్పుకుంది. అయితే అలా ఒప్పుకోవాలంటే ఆమె అరెస్టు కావాలి, చరిత్ర మలుపు తిరగాలి. అదే ఊళ్లో తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల పిల్ల కూడా లేవలేదు. ఆ పిల్లను గుర్తు చేసుకోవడానికే చాలా కాలం పట్టింది. ఇక రోజూ ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని పోయినవాళ్ల సంగతి చెప్పేదేముంది.

నాకు నచ్చిన సంఘం ఒకటుంది. 1996లో మెల్‌బోర్న్, కలకత్తా ట్రాముల మధ్య స్నేహంగా ట్రామ్‌జాత్ర మొదలైంది. అందులో ముందున్న రాబర్టో డి’ఆండ్రియా స్వయంగా మెల్‌బోర్న్ ట్రాము కండక్టరు. కొన్నేళ్లకు ఆ ఊళ్లో కండక్టర్ల ఉద్యోగాలే తీసేశారు. అక్కడ టికెట్లు కొట్టిన మనిషికి బండిలో మనుషులు ఎందుకు భాగమో విడమరచి చెప్పక్కరలేదు. మన దగ్గర 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు ఎంతమంది బస్సు ప్రేమికులకు అది తమ విషయమనిపించిందో నాకు అనుమానమే.

గద్వాల బస్టాండు బయట ఆ కుర్రవాళ్లు బస్సు కోసం చూస్తుంటే నేను పక్కన ఆటోలు చూస్తున్నాను. నడిగడ్డలో పత్తి విత్తనాల చేలల్లో పువ్వు పువ్వుకూ క్రాసింగు చేసే పనికి ఆడవాళ్లను, బడిలో ఉండాల్సిన ఆడపిల్లల్ని ఏళ్ల తరబడి మోసింది ఆటోలు, ట్రాలీలే. కొల్లాపూర్ వైపు కృష్ణ దాటించింది వెదురుతో అల్లిన పుట్టి. వీటికి అభిమాన సంఘాలు లేవు, ఉండవు కూడా. ఏ వాహనానికి గతం ఉందో నిర్ణయించడంలోనే ఒక కులమూ ఒక జెండరూ ఉన్నాయి.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఆడవాళ్లతో నిండిపోయాయి. పనీపాటా లేక తిరుగుతున్నారని కొందరు మగవాళ్లు విసుక్కున్నారు. పని లేకుండా తిరగడం ఇన్నాళ్లూ ఎవరి హక్కో ఆ విసుగే చెప్పింది. ఆ ప్రయాణాలన్నిటికీ జీరో టికెట్ ఇస్తారు. ఇంతమంది మా ఊళ్ల ఆడవాళ్లు ఫలానా రోజు ఫలానా చోటికి వెళ్లారని చెప్పే కాగితం అంతకుముందు లేదు. కానీ అది వేడికి అచ్చయ్యే కాగితం, కొన్ని నెలలకే అక్షరాలు చెరిగి తెల్లబడుతుంది. పాత రంగురంగుల టికెట్లు దాచుకునే ఆ కుర్రవాళ్లను ఇవీ దాచమన్నాను. “ఇవన్నీ ఒకటేలా ఉంటాయక్కా” అన్నారు. ఎక్కిన ఊరూ దిగిన ఊరూ వేరు కదా అన్నాను. స్టీరింగు దగ్గరికి రావడానికి స్త్రీకి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 2015లోనే ఢిల్లీలో సిటీ బస్సు నడిపిన మన తెలంగాణ అమ్మాయి వి. సరిత, ఇక్కడి ఆర్టీసీలో మొదటి మహిళా డ్రైవరుగా చేరింది 2025లో.

2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు తుక్కుకు పోవాలన్న నియమం వచ్చింది గనుక ఆ కుర్రవాళ్ల తొందర నాకర్థమైంది. విన్నపం రాసిచ్చాను. బస్సును నిలబెట్టమనే రాశాను. దాంతోపాటు ఆ బస్సు తిరిగిన రూటులో మొదటి ట్రిప్పునూ ఆఖరి ట్రిప్పునూ తీసెయ్యవద్దని కూడా రాశాను. అది తమ విషయం కాదని మొదట వాళ్లు వెనకాడారు. ఊళ్లో ట్రిప్పు ఆగిపోయి బస్సు మ్యూజియంలో మెరుస్తుంటే ఆ బస్సు ముందు నేను నిలబడలేనని చెప్పాను. చాలాసేపు వాదించుకున్నాక ఉంచారు.

పట్టికలో మరో రెండు గడులు గీయమని అడిగాను. పొద్దున ఎన్నింటికి కదిలేది అని ఒకటి, అందులో ఎవరెవరు ఎక్కేవారు అని ఒకటి. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు, డిపోలో పాత చార్టులు దొరుకుతాయట. రెండో దానికి “ఆధారం ఎక్కడ దొరుకుతుందక్కా?” అని అడిగాడు స్నేహితురాలి తమ్ముడు. గోపాల్‌పేట బస్టాండులో పొద్దున్నే ఒక గంట కూర్చో, ముసలమ్మలను అడుగు, ముందు నీ కెమెరా సంచిలో పెట్టు అని చెప్పాను. వచ్చే నెల వస్తానన్నాడు. మా అమ్మ దగ్గరే మొదలుపెడతాడట.