నాడె వేగమెంత?

భివండీలో పద్మనగర్ అంటే తెలుగువాళ్ల పేట. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చిన పద్మశాలీలు అక్కడ స్థిరపడ్డారు. ఆ పేటలో ఓ తాతా, పదకొండో తరగతి చదివే మనవరాలూ అవధి (లిమిట్) పాఠం మీద వాదించుకుంటున్నారనుకోండి. సాంచాలో పేక నూలు మోస్తూ అటూ ఇటూ ఉరికే నాడె మీదే వాళ్ల లెక్క.

"తాతా, నాడె సరిగ్గ నడుమకు వచ్చిన క్షణంల దాని వేగమెంత?"

"క్షణంల ఏం పోతది బిడ్డా? పోనీకి సమయం కావాలె. క్షణంల అది ఉంటది, గంతే."

కొట్టిపారేసే మాట కాదిది. ఎగిరే బాణం గురించి గ్రీకు తత్వవేత్త జీనో అడిగిందీ ఇదే.

"సరే, ఆ క్షణం నుంచి 0.02 సెకను చూస్తే సగటు వేగం సెకనుకు 10.8 మీటర్లు అనుకో. 0.01 చూస్తే 10.9. 0.001 చూస్తే 10.99. సమయం పదో వంతైతే, 11కు తేడా కూడ పదో వంతైతాంది."

"ఇంక తగ్గించు. సున్న పెట్టు."

"పెడితే దూరం సున్న, సమయం సున్న. సున్నను సున్నతోని భాగించరాదు."

"మరి 11 యాడికెళ్లొచ్చింది? ఒక్కపారి సుత రాలే గద!"

అసలు ముడి ఇదే. 1734లో బిషప్ బర్క్‌లీ 'ది అనలిస్ట్' అచ్చువేసి ఇలా క్షణవేగం కట్టే న్యూటన్ పద్ధతిని నిలదీశాడు: భాగించేటప్పుడు సున్న కాదంటారు, పనయ్యాక సున్నే అంటారు, ఏది నిజం? బిషప్పుకు గట్టి జవాబు రావడానికి వందేళ్ల పైనే పట్టింది. 1821లో గణితవేత్త కోషీ దారి వేశాడు, తర్వాత వాయర్‌స్ట్రాస్ బిగించాడు.

"11 వస్తదని నేనంటలే తాతా. ఎంత తేడా నడుస్తదో నువ్వే చెప్పు."

"మీటరుల పదో వంతు."

"0.01 సెకను కన్న తక్కువ చూడు."

"నూరో వంతు?"

"0.001 కన్న తక్కువ. నువ్వెంత సన్నగ అడిగినా దానికి తగ్గ సమయం చూపిస్త. ముందు అడిగేది నువ్వు, తర్వాత చూపేది నేను."

"సేఠ్ లెక్కనే. బట్ట పన్నాల ఎంత తేడా నడుస్తదో ఆయన చెప్పినంకనే మనం సాంచా సరిజేస్తం."

"సేఠ్ ఒక కాడ ఆగుతడు తాతా. ఇక్కడ అడిగేటోడు ఆగడు. అయినా జవాబుండాలె."

ఈ బేరంలో సున్న సమయం ఎక్కడా రాలేదు. 11ను చేరాలన్న షరతూ లేదు. భాగించలేని ఆ ఒక్క చోటు వదిలేసి, దాని చుట్టుపక్కలవన్నీ ఏ సంఖ్యకు మొగ్గుతున్నాయో అడిగారు, అంతే. ఆ సంఖ్యే అవధి.

"ఎనుక నుంచి చూస్తే?"

"ఆ క్షణానికి ముందటి 0.01 సెకను తీసుకుంటే 11.1. అటు నుంచి దిగుతది, ఇటు నుంచి ఎక్కుతది. రెండూ 11 కాడికే."

"మరి నాడె పెట్టెల పడి ఆగే క్షణం?"

"అటు చూస్తే ఏదో వేగం, ఇటు చూస్తే సున్న. రెండు కలువయి. ఆడ అవధి లేదు."

"ఎన్నడన్న సాంచా నడిపినవా? పెట్టె పక్క చెక్క నాడెను ఒత్తి పడుతది. ఆగే లోపలనే మెల్లగైతది. ఆ బిగువు సరిగ లేకుంటే నాడె ఎనుకకు తుళ్లి పోగుల నడుమ చిక్కుతది, పడుగంత తెగుతది. నీ పుస్తకంల ఒక్క గీతల ఆగుతదేమో. నా సాంచాల దానికి సుత కొంచెం జాగ గావాలె."